కోత పెట్టాల్సింది తుపాకీకి కాదు

అమెరికాలో కొలరాడో, ఐడహో, మోంటానా కొండల్లో వేట కాలం దగ్గర పడుతోందంటే వంటింటి కాటాలు గ్యారేజీలకు చేరతాయి. వేటగాళ్లు వెంట తీసుకెళ్లే ప్రతి వస్తువునూ తూస్తారు. టూత్‌బ్రష్ పిడిని సగానికి కోస్తారు. సంచి పట్టీల కొసలు కత్తిరిస్తారు. అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేదు. చాలామంది ఆగరు. రైఫిల్ మడమను లోపల తొలిచి గుల్ల చేస్తారు, గొట్టాన్ని పొట్టిగా కోయిస్తారు, మందపాటి గొట్టమైతే లేత్ మీద చెక్కించి సన్నబరుస్తారు. చెట్టెక్కడానికి వాడే అల్యూమినియం మెట్లకు వరసగా రంధ్రాలు తొలుస్తారు. మోత తగ్గితే అలసట తగ్గుతుంది, అలసట తగ్గితే గురి కుదురుతుంది, కాబట్టి తీసేసిన ప్రతి గ్రామూ లాభమే అన్నది వాళ్లలో చాలామంది ఎదురుప్రశ్న లేకుండా ఒప్పుకునే సూత్రం.

ఈ సూత్రం సగం నిజం చెప్పి పూర్తి తీర్పు ఇస్తోంది. మోత తగ్గితే మనిషి తక్కువ అలుస్తాడన్నది నిజమే. తీసేసిన బరువు అంతవరకూ ఏ పని చేస్తోంది అన్న ప్రశ్నను మాత్రం అది అడగదు. కొన్ని వస్తువుల్లో బరువు ఉత్త బరువే. మరికొన్నిటిలో ఆ బరువే పని చేస్తుంది. రెండో రకాన్ని కోసినప్పుడు భుజం మీంచి దిగిన భారం ఎటూ పోదు. గాయపడి పారిపోయే జంతువు మీదికో, చెట్టు మీంచి పడే మనిషి వెన్నెముక మీదికో వెళుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వాలు లైసెన్సులిచ్చి, తేదీలు నిర్ణయించి, ఎన్ని జంతువులను కొట్టవచ్చో లెక్కగట్టి వేటను అనుమతిస్తాయి. వేట ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. కానీ అనుమతి ఉన్నచోట ఆ ప్రాణం ఒక్క దెబ్బతో, వీలైనంత తక్కువ బాధతో పోవాలన్న విషయంలో వేటను సమర్థించేవాళ్లకూ వ్యతిరేకించేవాళ్లకూ పేచీ లేదు. పరికరం మీద రంపం పెట్టేముందు ఆలోచన అక్కడి నుంచే మొదలవ్వాలి.

రైఫిల్ సంగతే ముందు చూడాలి. అమెరికా కొండల్లో .30-06 తూటా శతాబ్దం పైగా వాడుకలో ఉంది. 11.7 గ్రాముల గుండు సెకనుకు సుమారు 820 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. గుండుకూ, దాని వెనక వచ్చే మందు వాయువులకూ ఎంత ద్రవ్యవేగం ఉంటుందో అంతే ద్రవ్యవేగంతో తుపాకీ వెనక్కి వస్తుంది. ఇది హైస్కూలు పాఠంలోని న్యూటన్ సూత్రమే. తూటా మారనంతవరకు ఆ తన్నులోని శక్తి తుపాకీ బరువుకు విలోమంగా ఉంటుంది. దుర్బిణితో కలిపి 3.7 కిలోలున్న రైఫిల్ భుజాన్ని దాదాపు 26 జౌల్స్ శక్తితో తన్నుతుంది. దాన్ని కోసి, తొలిచి, 2.7 కిలోలకు దించితే ఆ తన్ను 36 జౌల్స్ అవుతుంది. తీసింది ఒక్క కిలో. పెరిగిన దెబ్బ 37 శాతం.

భుజం నొప్పి ఇందులో చిన్న విషయం. దెబ్బ గట్టిగా తగులుతుందని శరీరానికి ఒకసారి తెలిశాక, ట్రిగ్గర్ నొక్కే ముందు క్షణంలో కళ్లు వాటంతటవే మూసుకుంటాయి, భుజం బిగుసుకుంటుంది, గొట్టం కొస కిందికి జారుతుంది. ఎంత అనుభవం ఉన్నా ఇది తప్పించుకోవడం కష్టం, ఎందుకంటే ఇది ఆలోచించి చేసే పని కాదు. పైగా గట్టిగా తన్నే తుపాకీతో ఎవరూ ఎక్కువసేపు సాధన చేయరు. అంటే బరువు తగ్గించిన మనిషి సాధననూ తగ్గించుకుంటాడు. 200 మీటర్ల దూరంలో నిలబడ్డ ఎల్క్ అనే పెద్ద జింక గుండె, ఊపిరితిత్తుల మీద పెట్టిన గురి పొట్టలోకి జరిగితే ఆ జంతువు గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా బతికే ఉంటుంది. దాన్ని వెతికి పట్టుకోలేకపోతే మాంసం ఎవరికీ దక్కదు, దాని బాధ ఎవరి లెక్కలోకీ రాదు.

తేలికైన తుపాకీ చేతిలో నిలవదు కూడా. బరువున్న వస్తువు కదలడానికి మొరాయిస్తుంది. ఆ మొరాయింపే కొండెక్కి రొప్పుతున్న మనిషి గుండె దడనూ, ఊపిరి ఊపునూ గొట్టం కొసదాకా పాకనివ్వకుండా అడ్డుకుంటుంది. 3,000 మీటర్ల ఎత్తున పరుగులాంటి నడక తర్వాత మోకాలిమీద కూర్చుని పేల్చేవాడికి ఆ అడ్డు చాలా అవసరం. ట్రిగ్గర్ సంగతీ ఉంది. కంపెనీ నుంచి వచ్చిన ట్రిగ్గర్ కదలాలంటే కిలోన్నర బలం కావాలనుకుందాం. తుపాకీ బరువే రెండున్నర కిలోలైతే వేలు ట్రిగ్గర్‌తో పాటు తుపాకీనీ లాగేస్తుంది.

బల్ల మీద ఇసుక సంచులు పెట్టుకుని, తీరిగ్గా మూడు గుళ్లు పేల్చి, అవి దగ్గరదగ్గరగా పడ్డ కాగితాన్ని రుజువుగా చూపించే అలవాటు ఒకటుంది. చెక్కిన రైఫిళ్లూ అలా బాగానే పేలతాయి, ఎందుకంటే అక్కడ తుపాకీని పట్టుకునేది ఇసుక సంచి. ఆ కాగితం కొండ మీద రొప్పుతున్న మనిషి గురించి ఏమీ చెప్పదు.

గొట్టం గురించి ఇంకో మాట. గుండ్రటి కడ్డీ వంగకుండా నిలిచే గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుంది. వ్యాసంలో పదో వంతు తీసేస్తే గట్టిదనంలో మూడో వంతు పోతుంది. లోపలి గాడులను బటన్ పద్ధతిలో నొక్కి చేసిన గొట్టాల్లో ఉక్కు లోపలే బిగువు దాక్కుని ఉంటుంది. అలాంటి గొట్టాన్ని పైనుంచి చెక్కితే ఆ బిగువు సడలి లోపలి రంధ్రం కొలతే మారవచ్చు. పొట్టిగా కోస్తే గుండు వేగం తగ్గుతుంది, చప్పుడు చెవికి దగ్గరవుతుంది. పెరిగిన తన్నును ఆపడానికి గొట్టం కొసకు మజిల్ బ్రేక్ బిగిస్తారు. అది వాయువులను పక్కలకూ వెనక్కూ మళ్లించి తన్నును నిజంగానే తగ్గిస్తుంది, చప్పుడును మాత్రం పేల్చినవాడి చెవివైపే తిప్పుతుంది. పెద్ద రైఫిల్ చప్పుడు మామూలుగానే 140 డెసిబెల్స్ దాటుతుంది, క్షణకాలపు శబ్దానికి భద్రత హద్దు అంతే. కొండ మీద జంతువు కనిపించిన తొందరలో చెవులకు రక్షణ పెట్టుకునేవాళ్లు అరుదు. ఒక కోత తెచ్చిన ఇబ్బందిని తీర్చడానికి ఇంకో పరికరం, దాని ఇబ్బందికి మరొకటి. గ్రాములతో మొదలైనది వినికిడి దాకా వెళ్లింది.

తేలికదనాన్ని సమర్థించేవాళ్లకు వేటగాడు జిమ్ కార్బెట్ గొప్ప సాక్షి. 1907లో చంపావత్ పులిని చంపినందుకు ఆయనకు బహుమతిగా వచ్చిన రిగ్బీ .275 రైఫిల్ తేలికైనదే. కుమావూ కొండల్లో మైళ్లకు మైళ్లు దాన్ని మోసుకుని నడిచారు, 1926లో రుద్రప్రయాగ చిరుతను దాంతోనే కొట్టారు. కానీ ఈ సాక్ష్యం ఎవరి పక్షమో సరిగా చూడాలి. ఆ రైఫిల్‌ను ఎవరూ గ్యారేజీలో తొలచలేదు. తయారీదారే దాన్ని తేలిగ్గా కట్టాడు. అందులో వేసే తూటా 7×57 మౌజర్ జాతిది, సౌమ్యమైనది. తేలికైన తుపాకీకి మెత్తగా తన్నే తూటా జత కుదిరింది. అదే కార్బెట్ పులుల వెంట వెళ్లినప్పుడు చాలాసార్లు అంతకంటే ఎంతో బరువైన .450/400 జంటగొట్టాల రైఫిల్ పట్టుకెళ్లారు. అప్పటి మన చిత్తూరు జిల్లాలోని చామల లోయలో నరభక్షక పులిని వేటాడిన కెన్నెత్ ఆండర్సన్ నమ్ముకున్నది .405 వించెస్టర్‌ను. పగలంతా అడవిలో తిరిగే మనుషులే ఇద్దరూ. మోత వాళ్లకూ మోతే. ఏ పనికి ఎంత బరువు కావాలో తెలిసి మోశారు.

అసలైన తేలికదనం ఎలా పుడుతుందో అమెరికాలోనే చక్కటి ఉదాహరణ ఉంది. వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్ 1980లలో అల్ట్రా లైట్ ఆర్మ్స్ పేరుతో రైఫిళ్లు తయారు చేయడం మొదలుపెట్టారు. ఆయన మోడల్ 20కి ఆ పేరు రావడానికి కారణం దాని యాక్షన్ (తూటాను గొట్టంలోకి ఎక్కించి పేల్చే యంత్రాంగం) బరువు 20 ఔన్సులు, అంటే సుమారు 567 గ్రాములు. పెద్ద యాక్షన్ తీసుకుని దానికి చిల్లులు పెట్టలేదు ఆయన. చిన్న తూటాకు సరిపడే కొలతలో యాక్షన్‌నే కొత్తగా గీశారు. కెవ్లార్, కార్బన్ నారలతో మడమను తేలిగ్గా, కానీ వంగకుండా చేశారు. రైఫిల్ మొత్తం రెండుంపావు కిలోలకు కాస్త అటూఇటూ వచ్చింది, గురిలో పేరు తెచ్చుకుంది. దేనికి ఎంత బలం కావాలో ముందే లెక్కవేసి కట్టడం ఇంజినీరింగ్. ఒక బరువుకు లెక్కవేసి కట్టిన దాన్ని, ఆ లెక్క తెలియకుండా కొరకడం ఇంజినీరింగ్ కాదు.

లెక్క తెలియని కోత ఎంత ప్రమాదమో చెట్టు మీద మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికా తూర్పు, మధ్య రాష్ట్రాల్లో వైట్‌టెయిల్ జింకను ఎక్కువగా చెట్టు మీంచే వేటాడతారు. మన పొలాల్లో మంచెలాంటిదే, కాకపోతే వీపున మోసుకెళ్లి చెట్టుకు కట్టుకునేది. ఈ మధ్య మంచె కూడా మానేసి, నడుముకు జీనులాంటి పట్టా కట్టుకుని తాడుకు వేలాడుతూ కూర్చునే పద్ధతి బాగా వ్యాపించింది. పైకెక్కడానికి మూడు నాలుగు అల్యూమినియం మెట్లు, ఒక్కోటి కిలోకు అటూఇటూ. ఈ మెట్లే ఇప్పుడు డ్రిల్లు కింద పడుతున్నాయి. అమెరికాలో వేటగాళ్లకు జరిగే గాయాలకు పెద్ద కారణాల్లో చెట్టు మీంచి పడిపోవడం ఒకటని తెలిసీ ఈ పని జరుగుతోంది.

ఒక రంధ్రంతో ఎంత బరువు పోతుందో లెక్క వేసి చూడవచ్చు. 3 మిల్లీమీటర్ల మందమున్న అల్యూమినియంలో 12 మిల్లీమీటర్ల వ్యాసంతో రంధ్రం తొలిస్తే పోయే లోహం ఒక గ్రాము కూడా ఉండదు, 0.9 గ్రాములు. ఇరవై రంధ్రాలకు 18 గ్రాములు, అంటే ఒక గుక్క మంచినీళ్లు. దానికి ప్రతిగా ఏం పోయిందో 1898లోనే జర్మన్ ఇంజినీరు కిర్ష్ గణితంతో చూపించాడు. వెడల్పాటి పలకను లాగినప్పుడు అందులోని గుండ్రటి రంధ్రం అంచున ప్రతిబలం మిగతా చోట్ల కంటే మూడింతలవుతుంది. లోహం ఒక్కసారి మోపిన బరువుకు విరక్కపోవచ్చు. ఎక్కిన ప్రతిసారీ, దిగిన ప్రతిసారీ ఆ అంచున కంటికి కనిపించని పగులు కాస్త కాస్త పెరుగుతుంది. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది, దానికి లోబడి ఎన్నిసార్లు బరువు మోపినా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న బరువైనా సరిపడా సార్లు మోపితే అలసి పగులుతుంది. 1954లో రెండు కామెట్ విమానాలు గాలిలోనే విచ్ఛిన్నమైనప్పుడు దర్యాప్తు తేల్చిందీ ఇదే జాతి విషయాన్ని: మళ్లీమళ్లీ పీడనం పడిన విమాన కవచంలో పగుళ్లు మొదలైంది కిటికీల్లాంటి తెరుపుల దగ్గర, రంధ్రాల అంచున. అది అప్పటి ప్రపంచపు మేటి ఇంజినీర్లు గీసిన విమానం. గ్యారేజీలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి తొలిచే రంధ్రాలకు ఆపాటి లెక్క కూడా ఉండదు.

మెట్టును పొట్టిగా కోసి అడుగుపెట్టే భాగాన్ని మళ్లీ వెల్డింగ్ చేసేవాళ్లూ ఉన్నారు. ఇలాంటి సామానుకు ఎక్కువగా వాడే 6061-టి6 రకం అల్యూమినియం బలం దానికి కంపెనీలో ఇచ్చిన వేడి ప్రక్రియ వల్ల వచ్చింది. వెల్డింగ్ వేడి ఆ బలాన్ని అతుకు చుట్టుపక్కల దాదాపు సగానికి దించేస్తుంది. పైకి అతుకు మెరుస్తూనే ఉంటుంది.

తాళ్ల కథా ఇంతే. నైలాన్ పట్టీలు తీసేసి సన్నటి డైనీమా తాడు కట్టడం ఇప్పుడు మామూలైంది. డైనీమా గొప్ప పదార్థం. అంతే బలమున్న ఉక్కు తీగ కంటే ఎంతో తేలిక, సరిగ్గా స్ప్లైసింగ్ చేసి (ముడి వేయకుండా కొసను తాడులోకే అల్లి) వాడితే మెట్లను చెట్టుకు కట్టడానికి అభ్యంతరం లేదు. కానీ అది నున్నగా జారే నార, మామూలు ముడులు అందులో నిలవవు. 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, రాపిడికి ఆ వేడి పుట్టడం కష్టమేం కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా అది సాగదు. మనిషిని చెట్టుకు కట్టి ఉంచే ప్రాణరక్షణ తాడుగా దాన్ని వాడితే ఏమవుతుంది? 80 కిలోల మనిషి ఒక మీటరు పడ్డాక, తాడూ ముడులూ సాగి 30 సెంటీమీటర్లలో ఆపితే అతని నడుము మీద పడే సగటు బలం సుమారు 350 కిలోల బరువుకు సమానం. సాగని తాడు 5 సెంటీమీటర్లలో ఆపితే అది 1,680 కిలోలు. తాడు తెగదు. లోపల మనిషి ఎముకలు తెగుతాయి.

ఈ గ్రాముల కోత అసలు వేటలో పుట్టింది కాదు. దూరప్రయాణపు నడక నుంచి అరువొచ్చింది. రే జార్డిన్ అనే ఇంజినీరు, పర్వతారోహకుడు 1992లో పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ నడిచేవాళ్ల కోసం రాసిన పుస్తకంతో అమెరికాలో తేలిక మోత ఉద్యమంలా సాగింది. జార్డిన్ చేసినది సరైన పని. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా నడిచేవాడు రోజూ తిండి తింటాడు, నీళ్లు తాగుతాడు. ఒక మజిలీ నుంచి మరో మజిలీకి అతని సంచి రోజురోజుకూ తేలికవుతుంది. చట్రం లేని సంచి అతనికి చాలు.

వేటగాడి సంచి నడక అందుకు పూర్తిగా తలకిందులు. పోయేటప్పుడు తేలిక, వేట ఫలించాక దుర్భరం. అలాస్కా వన్యప్రాణి శాఖ లెక్క ప్రకారం 725 కిలోల మూస్ అనే భారీ జింక నుంచి సుమారు 225 కిలోల మాంసం వస్తుంది. తడవకు 35 కిలోల చొప్పున ఒక్క మనిషి మోయాలంటే ఏడు మోతలు. రోడ్డో నదో 3 కిలోమీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 39 కిలోమీటర్లు, అందులో 21 కిలోమీటర్లు మోతతో, తుప్పల్లోంచి, బురదలోంచి. మాంసాన్ని వదిలేసి రావడం అక్కడ నేరం. తినదగిన మాంసాన్ని అడవిలో పారేస్తే కనీసం వరసగా ఏడు రోజుల జైలు, 2,500 డాలర్ల జరిమానా అని అలాస్కా చట్టం చెబుతుంది. ఈ చట్టం న్యాయమైనది. చంపినవాడు మోయాలి.

అలాంటి మోతకు సిద్ధమయ్యేవాడు సంచి చట్రంలోని కడ్డీలు తీసేసి, నడుము పట్టీ కోసేసి అరకిలో మిగుల్చుకున్నానని సంతోషిస్తే ఆ సంతోషం మొదటి తడవతోనే పోతుంది. చట్రం, నడుము పట్టీ బరువును భుజాల నుంచి తుంటికి దించుతాయి. అవి లేకుండా పెద్ద బరువు మోస్తే భుజం పట్టీ మెడ పక్కనున్న నరాల గుచ్ఛాన్ని నొక్కి చెయ్యి తిమ్మిరెక్కుతుంది, ఒక్కోసారి పడిపోతుంది. సైనిక వైద్యులకు బాగా తెలిసిన జబ్బు ఇది.

వదిలేసి వెళ్లే వస్తువుల్లోనూ ఇదే పొరపాటు. ముందుగా బయటపడేది దూరపు జంతువును పరిశీలించే స్పాటింగ్ స్కోప్, దాని ట్రైపాడ్. రెండూ కలిపి రెండు మూడు కిలోలు కాబట్టి కాటా మీద అవే దోషులుగా కనిపిస్తాయి. అలాస్కాలో చాలాచోట్ల డాల్ గొర్రె పొట్టేలును కొట్టాలంటే దాని కొమ్ము పూర్తి చుట్టు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ముల కొసలూ విరిగి ఉండాలి, లేదా కొమ్ము మీది వలయాలను బట్టి కనీసం 8 ఏళ్లుండాలి. కిలోమీటరు దూరంలోని రాతిచరియ మీద పడుకున్న పొట్టేలు కొమ్ము వలయాలను మామూలు బైనాక్యులర్‌తో లెక్కపెట్టలేరు. స్కోప్ లేనివాడు ఆ లోయ దిగి, అవతలి గట్టెక్కి, దగ్గరికి పోయి చూడాలి. అది చిన్నదైతే అంత నడకా వృథా. తొందరపడి కొడితే ఒక లేత పొట్టేలు అన్యాయంగా పోతుంది. మూడు కిలోల అద్దాలు వందల మీటర్ల ఎక్కుడు దిగుడును మిగులుస్తాయి. అలాంటి బరువు తనను తానే మోసుకుంటుంది.

అటువైపు వాదనలో బలమైన మాటలూ ఉన్నాయి, వాటిని దాటవేయకూడదు. అలసిన మనిషి గురి తప్పుతాడన్నది నిజం. అరవై దాటినవాళ్లకు కిలో తేడా కొండెక్కడమా మానడమా అన్నంత పెద్దది కావచ్చు. అలాస్కాలో సూపర్ కబ్ లాంటి బుల్లి విమానంలో దిగేవాళ్ల సామాను పైలట్ తూస్తాడు, అక్కడ బేరం ఉండదు. అయితే నడకకు ఖర్చయ్యే శక్తి మనిషి బరువూ మోతా కలిపిన మొత్తాన్ని బట్టి ఉంటుందని అమెరికా సైన్యపు పరిశోధకులు 1970లలోనే సూత్రం కట్టారు. 75 కిలోల మనిషి, 25 కిలోల మోత. అందులో రైఫిల్ నుంచి కిలో తీస్తే మిగిలేది ఒక శాతం చుట్టుపక్కల. ఒక శాతం అలసట కోసం 37 శాతం దెబ్బను కొనుక్కోవడం ఏ వయసువాడికీ గిట్టుబాటు కాదు. తేలికైన రైఫిలే కావాలంటే తూటాను మార్చుకోవడం సరైన దారి. అదే 2.7 కిలోల రైఫిల్ 6.5 క్రీడ్‌మోర్ తూటాకు కట్టినదైతే తన్ను 21 జౌల్స్ దగ్గర ఆగుతుంది. బరువైన .30-06 కంటే అది తక్కువ. సరైన దూరంలో జింకకైనా, ఎల్క్‌కైనా ఆ తూటా సరిపోతుంది.

మోత తగ్గించడానికి ఎన్నో చోట్లున్నాయి. అన్నిటికన్నా లాభం పాదాల దగ్గర. సౌల్, గోల్డ్‌మన్ అనే పరిశోధకులు 1969లో కొలిచి చూస్తే పాదాలకు కట్టిన బరువు మొండెం మీది అంతే బరువు కంటే నడక వేగాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తి తింది. బూట్ల జతలో 400 గ్రాములు తగ్గిస్తే వీపు మీంచి రెండు కిలోలు దించినట్టే. నేలను బట్టి చీలమండకు ఆసరా ఉండేలా చూసుకుంటే చాలు, ఇందులో జంతువుకు గానీ గురికి గానీ నష్టం లేదు. నూలు మాంసపు సంచుల బదులు సింథటిక్‌వి, డబ్బా తిండి బదులు ఎండబెట్టిన తిండి, దారిలో వాగులుంటే నీళ్ల మోత బదులు ఫిల్టర్, ఎముకలు అక్కడే తీసేసి మాంసం మాత్రమే మోయడం, చట్టం ఒప్పుకున్న చోట. ఇవన్నీ కలిపితే కిలోలు తగ్గుతాయి. ఇంకా ముందే, సూర్యాస్తమయానికి పది నిమిషాల ముందు రోడ్డుకు ఎనిమిది కిలోమీటర్ల అవతల కనిపించిన మూస్ మీద ట్రిగ్గర్ నొక్కకపోతే తగ్గేది 225 కిలోలు.

వేట పత్రికలు ఇక్కడ తమ పని చేయాలి. రైఫిల్ సమీక్షలో బరువు రాసిన చోటే, ఇసుక సంచులు లేకుండా, కొండెక్కి వచ్చి కూర్చుని పేల్చిన గుళ్లు ఎంత దూరదూరంగా పడ్డాయో కూడా రాయాలి. తేలిక చేసిన మెట్లనూ తాళ్లనూ మెచ్చుకునేముందు వాటి మీద ఎంత బరువు మోపి, ఎన్నిసార్లు పరీక్షించారో అడగాలి, జవాబు లేకపోతే ఆ వస్తువును అచ్చులో చూపించకూడదు. చిల్లులు పెట్టిన మెట్లు రెండు మూడు సీజన్ల తర్వాత సెకండ్‌హ్యాండ్‌గా అమ్ముడవుతాయి, లేదా స్నేహితుడి కొడుకు మొదటి వేటకు అరువు వెళతాయి. వాటి మీద 300 పౌండ్ల రేటింగ్ స్టిక్కర్ ఇంకా అతికే ఉంటుంది. కొన్న మనిషి దాన్ని నమ్మి ఆరు మీటర్లు ఎక్కుతాడు. రంధ్రాలు తొలిచినవాళ్లు ముందు ఆ స్టిక్కర్ పీకేయాలి, ఆ మెట్లను ఎవరికీ ఇవ్వకుండా ముక్కలు చేసి తుక్కులో వేయాలి.